ఖాళీ చేసినా వాపసు రాని స్థలం: పైథాన్ మెమరీ లెక్కలు

(ఒక ఇంజనీరింగ్ కళాశాలలో కంప్యూటర్ సైన్స్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. భోజనాలయ్యాక, ఫ్యాన్ల కింద, మెమరీ గురించి మాట్లాడమని నాకు ఈ గంట కేటాయించారు. నిద్ర వచ్చినవాళ్లు మొహమాటపడకండి. చివరి బెంచీలో ఎవరైనా పడుకుంటే లేపి ఆ స్థలం ఖాళీ చేయించే పని నేను పెట్టుకోను. ఆ పని ఎంత కష్టమో నాకు తెలుసు కాబట్టే ఈ ప్రసంగం. (నవ్వులు)

ముందు నాకు జరిగిన ఒక భంగపాటు చెబుతాను. కొన్నేళ్ల కిందట నేను పాత తెలుగు పత్రికల పుటలను స్కాన్ చేయగా వచ్చిన పాఠాన్ని శుభ్రం చేసే ప్రోగ్రాం ఒకటి పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాశాను. ఒక్కొక్క పుటను తెరవడం, అచ్చుతప్పులు పట్టడం, మాటలు లెక్కపెట్టడం, పక్కన పెట్టడం. లక్షల పుటలు. సాయంత్రం మొదలుపెట్టి ఇంటికి వెళ్లిపోయాను. తెల్లారి వచ్చి చూస్తే ప్రోగ్రాం లేదు. మెమరీ మొత్తం తినేసిందని ఆపరేటింగ్ సిస్టమ్ లైనక్స్ దాన్ని చంపేసింది. ఒక పుట ఎంత పెద్దదైనా కొన్ని కిలోబైట్లు. ఒకేసారి ఒక పుటే తెరుస్తున్నాను. మరి గిగాబైట్లు ఎలా అయ్యాయి?

అప్పుడు నేను ఏం చేశానో చెప్పమంటారా? మీరు చేసేదే చేశాను. కనిపించిన ప్రతి చోటా ‘డెల్’ అని, అంటే తీసేయమనే ఆజ్ఞ, రాశాను. పుట పని అయిపోయిందా, డెల్. మాటల జాబితా అయిపోయిందా, డెల్. ఇక్కడ ఎంతమంది ఎప్పుడైనా అలా చేశారు? చేతులెత్తండి. ఆ, సగం పైనే ఉన్నారు. మరునాడు పొద్దున కూడా ప్రోగ్రాం చచ్చిపోయే ఉంది. ఈసారి ఒక ఇరవై నిమిషాలు ముందే చచ్చింది.

కారణం తర్వాత చెబుతాను. అది అర్థం కావాలంటే ముందు డెల్ అంటే ఏమిటో తేలాలి.

మొదటి సంవత్సరంలో మీకు చరరాశి అంటే పెట్టె అని చెప్పి ఉంటారు. పెట్టెలో విలువ ఉంటుంది అని. సీ భాషకు ఆ బొమ్మ సరిపోతుంది. పైథాన్‌కు సరిపోదు. పైథాన్‌లో పేరు అనేది పలుపు. గేదె మెడకు కట్టే పలుపుతాడు. వస్తువు అనేది గేదె. మీరు ‘అ’ అనే పేరుకు ఒక జాబితాను ఇచ్చి, తర్వాత ‘ఆ’ అనే పేరుకు ‘అ’ను ఇస్తే రెండు గేదెలు రావు. ఒక గేదెకు రెండు పలుపులు పడతాయి. డెల్ అంటే గేదెను అమ్మేయడం కాదు, ఒక పలుపు విప్పడం. ఇంకో పలుపు ఉంటే గేదె అక్కడే నెమరు వేస్తూ నిలబడి ఉంటుంది.

మరి గేదె ఎప్పుడు పోతుంది? చివరి పలుపు విప్పినప్పుడు. ఆ సంగతి పైథాన్‌కు ఎలా తెలుస్తుంది? ప్రతి వస్తువు ఒంటిమీదా ఒక అంకె రాసి ఉంటుంది, ఇప్పుడు తనకు ఎన్ని పలుపులు ఉన్నాయో. కొత్తది పడితే ఒకటి పెరుగుతుంది, విప్పితే ఒకటి తగ్గుతుంది. సున్నా అయిన మరుక్షణం ఆ వస్తువు స్థలం ఖాళీ. దీన్నే రిఫరెన్స్ కౌంటింగ్ అంటారు. మనం రోజూ వాడే పైథాన్, అంటే సీ భాషలో రాసిన సీపైథాన్, 1991 ఫిబ్రవరిలో మొదటిసారి బయటికి వచ్చినప్పటి నుంచి ఇదే పద్ధతిలో నడుస్తోంది.

‘ఒంటిమీద రాసి ఉంటుంది’ అన్న మాట గుర్తుపెట్టుకోండి. ఒక పెద్ద కంపెనీకి తలనొప్పి వస్తే మొదటి అనుమానం దాని మీదకే పోయింది, కాసేపట్లో అక్కడికి వెళదాం.

ఈ పద్ధతిలో నాకు నచ్చేది దాని వెంటనేతనం. ఎవరో వచ్చి ఊడుస్తారని ఎదురుచూడటం ఉండదు. నచ్చనిది రెండు గేదెల కథ. ఒక గేదె మెడ పలుపు ఇంకో గేదె మెడకు, దానిది దీని మెడకు కట్టారనుకోండి. తర్వాత రెండింటినీ గుంజ నుంచి విప్పేశారు. ఇప్పుడు ఏ గుంజకూ సంబంధం లేదు, ఏ పాలేరుకూ గుర్తులేదు, కానీ ఒక్కో గేదె ఒంటిమీద అంకె ఒకటి అనే ఉంది. సున్నా కాదు. కాబట్టి పోవు. ఇదేదో అరుదైన విషయమనుకోకండి. చెట్టు లాంటి నిర్మాణంలో తల్లికి పిల్లల జాబితా ఉంటుంది, పిల్లకు తల్లి పేరు ఉంటుంది. అయిపోయింది, రెండు గేదెలు. పైథాన్ పుట్టిన మొదటి తొమ్మిదేళ్లకు పైగా ఇలాంటి జంటలు ప్రోగ్రాం ముగిసేదాకా మెమరీలో అలాగే పడి ఉండేవి. 2000 అక్టోబరులో పైథాన్ 2.0 వచ్చినప్పుడు వాటిని వెతికి పట్టుకునే చెత్త సేకరణ యంత్రాంగం చేరింది. గార్బేజ్ కలెక్టర్, క్లుప్తంగా జీసీ.

ఆ యంత్రం చేసే పని చాలా అందమైనది, కొంచెం ఆగి చెబుతాను. దానికి అన్ని గుంజలూ ఎక్కడున్నాయో తెలియదు. పైథాన్ లోపల, సీ భాషలో రాసిన లైబ్రరీలలో, ఎవరు ఏది పట్టుకున్నారో దానికి జాబితా లేదు. తెలిసిందల్లా గేదెలు, వాటి ఒంటిమీది అంకెలు, ఒక గేదె నుంచి ఇంకో గేదెకు ఉన్న తాళ్లు. అయినా పని అయిపోతుంది. ఎలా? ముందు అందరి అంకెలకూ ఒక నకలు తీసుకుంటుంది. తర్వాత గేదె నుంచి గేదెకు ఉన్న ప్రతి తాడుకూ అవతలి గేదె నకలు అంకెలోంచి ఒకటి కొట్టేస్తుంది. మంద లోపలి తాళ్లన్నీ ఇలా కొట్టేశాక ఇంకా ఎవరి దగ్గరైనా సున్నా కంటే ఎక్కువ మిగిలిందంటే, ఆ తాడు మంద బయటి నుంచి వచ్చినట్టే. అంటే ఎక్కడో ఒక గుంజ ఉంది. ఆ గేదె బతికింది. దానికి కట్టి ఉన్నవి, వాటికి కట్టి ఉన్నవి, అన్నీ బతికాయి. మిగిలినవి ఒకదానికొకటి కట్టుకుని తిరిగే అనాథలు. వాటిని వదిలించేస్తుంది. గుంజను చూడకుండా, తీసివేతతో గుంజ ఉందో లేదో తేల్చడం! నేను మొదటిసారి ఇది చదివినప్పుడు కాగితం మీద నాలుగు గేదెలు గీసుకుని చేసి చూశాను. మీరూ చేయండి. పది నిమిషాల పని.

ఇంకో చిన్న సంగతి. అంకెలు, అక్షరాల తీగలు, అంటే ఇంటీజర్లు, స్ట్రింగులు, ఇంకో వస్తువుకు తాడు కట్టలేవు. అందుకని జీసీ వాటి జోలికి పోదు. జాబితాలు, నిఘంటువులు, మనం రాసే క్లాసుల వస్తువులు, వీటినే చూస్తుంది. అదీ ప్రతిసారీ అన్నింటినీ కాదు. కొత్తగా పుట్టినవి తొందరగా పోతాయి, చాలాకాలం నిలిచినవి ఇంకా నిలుస్తాయి అన్న నమ్మకంతో తరాలుగా విభజించుకుంటుంది. పుట్టినవాటికీ పోయినవాటికీ తేడా 700 దాటితే చిన్న తరాన్ని ఒకసారి ఊడ్చడం అన్నది ఏళ్లపాటు దాని అలవాటు.

ఈ గార్బేజ్ కలెక్టర్ అన్న ఆలోచన పైథాన్ కంటే ముప్పై ఏళ్లు పెద్దది. జాన్ మెకార్తీ 1950ల చివర్లో ఎంఐటీలో లిస్ప్ భాష తయారుచేస్తున్నప్పుడు ఆయనకు ఉన్న యంత్రం ఐబీఎం 704. దాని మెమరీలో ఒక్కో పదం, అంటే ఒక్కో గడి, 36 బిట్లు. లిస్ప్‌లో ఒక పదంలో రెండు చిరునామాలు పట్టాలి, ఒక్కోటి 15 బిట్లు. మిగిలింది ఆరు బిట్లు, అవీ ఒకచోట లేవు, విడివిడిగా ఉన్నాయి. ఒంటిమీద అంకె రాసుకోవడానికి చోటే లేదు! అందుకని ఆయన లెక్కపెట్టడం మానుకుని, స్థలం అయిపోయేదాకా ఆగి, అప్పుడు ఎవరికి అందుబాటులో ఉన్నవి ఏవో నడుచుకుంటూ వెళ్లి చూసి, మిగిలినవన్నీ ఊడ్చే దారి పట్టారు. 1960లో ఆయన వ్యాసం అచ్చయింది. అదే ఏడాది జార్జ్ కాలిన్స్ లెక్క పద్ధతిని ప్రచురించారు. అంటే ఈ రంగంలోని రెండు ప్రధాన మార్గాలూ ఒకే సంవత్సరంలో అచ్చులోకి వచ్చాయి. వాటిలో ఒక దారి ఎంపికకు కారణం ఆరు బిట్లు.

మెకార్తీ చెప్పుకున్న ఒక సంగతి నాకు చాలా ఇష్టం. పరిశ్రమల పెద్దల ముందు లిస్ప్‌ను మొదటిసారి ప్రదర్శిస్తున్నారు. టైపు యంత్రం సెకనుకు పది అక్షరాల చొప్పున జవాబు కొడుతుంది, జనం దాన్ని టీవీ తెర మీద చూస్తున్నారు. అంతా బాగా సాగుతుండగా మెమరీ అయిపోయింది. యంత్రం జవాబు మానేసి, చెత్త సేకరించేవాడిని పిలిచామనీ, కొన్ని ఆసక్తికరమైన గణాంకాలు ఇవిగో అనీ తాపీగా టైపు చేయడం మొదలుపెట్టింది. సభలో నవ్వులు. ఎవరో ఆకతాయి చేసిన పని అనుకున్నారట కొందరు. మీ ప్రాజెక్టు ప్రదర్శన రోజు ఏదైనా జరిగితే ఇది గుర్తుచేసుకోండి.

ఇప్పుడు ఆ తలనొప్పి సంగతి. కంపెనీ ఇన్‌స్టాగ్రామ్. వాళ్ల వెబ్ సర్వర్ పైథాన్‌లో నడుస్తుంది. ఒక తల్లి ప్రాసెస్, అంటే నడుస్తున్న ప్రోగ్రాం, అన్నీ సిద్ధం చేసుకుని, ఫోర్క్ చేసి, అంటే తనకే నకళ్లు తీసి, పిల్ల ప్రాసెస్‌లను పుట్టిస్తుంది. తల్లీపిల్లలు ఒకే మెమరీ పుటలను (నా పత్రికల పుటలు కావు, మెమరీలోని ముక్కలు) పంచుకుంటారు, ఎవరో ఒకరు ఆ పుట మీద రాసేదాకా. రాసిన క్షణంలో ఆపరేటింగ్ సిస్టమ్ ఆ పుటకు వేరే నకలు తీసి ఇస్తుంది. చదివితే ఉమ్మడి ఆస్తి, రాస్తే వేరు కాపురం. (నవ్వులు) పిల్లలు ఎక్కువగా చదవడమే కదా, ఉమ్మడిగా చాలా మిగలాలి. మిగలలేదు. పిల్లలు పుట్టగానే వేరు కాపురాలు పెట్టేస్తున్నారు.

మొదటి అనుమానం ఒంటిమీది అంకె మీదకు పోయింది. న్యాయమే. పైథాన్‌లో ఒక వస్తువును ఊరికే చూడాలన్నా పలుపు వేయాలి, అంకె మారాలి, అంటే రాయాలి. చూడటమే రాయడం. కానీ కొన్ని వస్తువులకు లెక్క ఆపి చూసినా పెద్ద తేడా లేదు. వెతగ్గా వెతగ్గా దొంగ జీసీ అని తేలింది. అది మందను వరసలో పెట్టుకోవడానికి ప్రతి గేదె పక్కనే ముందు ఎవరు, వెనక ఎవరు అన్న చీటీలు పెడుతుంది. ఒక్కసారి ఊడ్చిందంటే అన్ని పుటల మీదా రాసినట్టే. 2017లో వాళ్లు జీసీని ఆపేశామనీ, సర్వర్లు సుమారు 10 శాతం సమర్థంగా నడుస్తున్నాయనీ ప్రకటించారు. ఇందులో ఒక తమాషా ఉంది: జీసీని ఆపమని మొదట చెప్పిన ఆజ్ఞ పనిచేయలేదు. ఏమిటా అని చూస్తే వాళ్లు వాడుతున్న ఎవరిదో లైబ్రరీ ఒకటి నిశ్శబ్దంగా దాన్ని మళ్లీ మొదలుపెడుతోంది. చివరికి ఆ హద్దు సంఖ్య ఉంది చూశారా, 700, దాన్ని సున్నా చేసి ఆపారు.

కథ అక్కడితో అయిపోయి ఉంటే మీరంతా రేపటి నుంచి జీసీ ఆపేస్తారు. ఆపకండి. ఊడ్చేవాడు లేకపోతే జంట గేదెలు పేరుకుపోతాయి. వాళ్లకూ పేరుకుపోయాయి. మళ్లీ జీసీని తెచ్చుకోవాల్సి వచ్చింది. ఈసారి ఫోర్క్ చేసే ముందు ఉన్న వస్తువులన్నింటినీ ఒక పక్కకు నెట్టి, ‘వీటి జోలికి రాకు’ అని జీసీకి చెప్పే సదుపాయం రాసి పైథాన్‌కే ఇచ్చారు. 2018లో వచ్చిన పైథాన్ 3.7లో అది ఉంది, పేరు ఫ్రీజ్. ఆ తర్వాత 2023లో వచ్చిన 3.12లో ఇంకో అడుగు: నన్, ట్రూ, ఫాల్స్ లాంటి ఎప్పటికీ పోని వస్తువులకు అంకె మార్చడమే మానేశారు. వాటిని చిరంజీవులు అనవచ్చు. ఇమ్మోర్టల్ అన్న ఇంగ్లిషు మాట కంటే మన మాటే బాగుంది కదా. మన పురాణాల్లో ఏడుగురే, పైథాన్‌లో చిన్న సంఖ్యలు కూడా చిరంజీవులే, -5 నుంచి 256 దాకా.

సరే, నా ప్రోగ్రాం దగ్గరికి వద్దాం.

డెల్ రాసి రాసి విసిగిపోయాక ట్రేస్‌మాలక్ అనే పరికరం పట్టుకున్నాను. 2014లో 3.4తో పైథాన్‌లోనే చేరింది, వేరే ఏదీ తెచ్చుకోనక్కరలేదు. అది ప్రతి వస్తువూ ప్రోగ్రాంలోని ఏ వరసలో పుట్టిందో చెబుతుంది. చెప్పింది: పుట పాఠాన్ని చదివే వరసలో. అది నాకూ తెలుసు! ఎక్కడ పుట్టిందో కాదు, ఎవరు పట్టుకుని వదలడం లేదో కావాలి. దానికి జీసీ మాడ్యూల్‌లోనే గెట్ రిఫరర్స్ అని ఒక ప్రశ్న ఉంది, ఈ గేదెకు పలుపు వేసినవాళ్లు ఎవరు అని అడగడానికి. అడిగాను. ఒక ఫ్రేమ్ అంది, అంటే ఒక ఫంక్షన్ నడుస్తున్నప్పుడు దాని పేర్లు ఉండే చోటు. ఫ్రేమ్‌ను ఎవరు పట్టుకున్నారు? ఒక ట్రేస్‌బ్యాక్. ట్రేస్‌బ్యాక్‌ను? ఒక ఎక్సెప్షన్, అంటే లోపం వచ్చినప్పుడు పైథాన్ పుట్టించే వస్తువు. ఎక్సెప్షన్‌ను? ‘తప్పులు’ అనే నా జాబితా.

విషయం ఇది. స్కాన్‌లో కొన్ని పుటలు చెడిపోయి ఉంటాయి. అక్కడ లోపం వస్తే ప్రోగ్రాం ఆగిపోకుండా, ఆ ఎక్సెప్షన్‌ను పొద్దున చూసుకుందామని ఒక జాబితాలో దాచాను. ఎంత బుద్ధిమంతుడినో చూడండి. పైథాన్ 3లో ప్రతి ఎక్సెప్షన్ తనతో పాటు ట్రేస్‌బ్యాక్‌ను మోస్తుంది. ట్రేస్‌బ్యాక్ ఆ లోపం వచ్చిన దారిలోని ఫంక్షన్ల ఫ్రేములను పట్టుకుంటుంది. ఫ్రేమ్ ఆ ఫంక్షన్‌లోని పేర్లన్నింటినీ పట్టుకుంటుంది, అందులో పుట పాఠం, మాటల జాబితా, బొమ్మ, సమస్తం. ఒక వాక్యం లోపాన్ని దాచాననుకుంటే ఒక పుట సంసారం మొత్తం దాచాను. అలాంటివి వేలకు వేలు.

మరి నా డెల్‌లు? అవి ఫంక్షన్ చివర్లో ఉన్నాయి. లోపం వచ్చిన పుటల్లో ప్రోగ్రాం అక్కడిదాకా వస్తేగా! మధ్యలోనే దారి మళ్లిపోయింది. లోపం రాని పుటలకు డెల్ అవసరమే లేదు, ఫంక్షన్ ముగియగానే పలుపులు వాటంతట అవే ఊడతాయి. అంటే అవసరం లేనిచోట విప్పాను, అవసరమైన చోట విప్పే వరస నడవనేలేదు.

పైథాన్ రూపకర్తలకు ఈ ప్రమాదం తెలుసు. ‘ఎక్సెప్ట్’ భాగంలో మీరు లోపానికి పెట్టుకున్న పేరును ఆ భాగం ముగియగానే భాషే తీసేస్తుంది, ఎప్పుడైనా గమనించారా? కింద వాడబోతే అలాంటి పేరు లేదంటుంది. చాలామందికి అది చిరాకు తెప్పిస్తుంది. దాని వెనక ఉన్నది ఈ గేదే. ఫ్రేమ్ ఎక్సెప్షన్‌ను పట్టుకుని, ఎక్సెప్షన్ ఫ్రేమ్‌ను పట్టుకుని తిరిగే జంట పడకుండా ముందే విప్పేస్తారు. నేను మాత్రం వాళ్లు విప్పేలోపే జాబితాలో ఇంకో పలుపు వేశాను.

దిద్దుబాటు ఒక వరస. ఎక్సెప్షన్‌ను దాచడం మాని, దాని వాక్యాన్నీ పుట సంఖ్యనూ దాచాను. ఆ రాత్రి ప్రోగ్రాం పూర్తయింది.

పనిలో పనిగా పుట పాఠం ఎంత చోటు తింటుందో కూడా చూసుకున్నాను. ఇది మన భాషకు సంబంధించిన ముచ్చట, రెండు నిమిషాలు ఓపిక పట్టండి. పైథాన్ 3.3 నుంచి ఒక స్ట్రింగ్‌లోని అక్షరాలను బట్టి అది ఒక్కో సంకేతానికి ఒకటి, రెండు లేదా నాలుగు బైట్లు తీసుకుంటుంది. ఇంగ్లిషు అయితే ఒకటి. తెలుగు అయితే రెండు. మనం ఒక్క అక్షరంగా చూసే ‘స్త్రీ’లో యూనికోడ్ సంకేతాలు ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం. కాబట్టి పన్నెండు బైట్లు. ఇక పది పుటల తెలుగు వ్యాసం చివర ఒక్క నవ్వు ముఖం ఎమోజీ పెట్టారనుకోండి, ఆ ఒక్కదానికి రెండు బైట్లు చాలవు కాబట్టి వ్యాసం మొత్తం సంకేతానికి నాలుగు బైట్లకు మారుతుంది. ఒక్క నవ్వుకు రెట్టింపు మెమరీ. పాత పత్రికల్లో ఎమోజీలు ఉండవు, నా అదృష్టం.

ప్రోగ్రాం పూర్తవుతోంది, చావడం లేదు. కానీ మా పై అధికారి పొద్దున్నే వచ్చి కొత్త ఫిర్యాదు పెట్టారు. మధ్యలో ఒక సంపుటం మొత్తాన్ని ఒకేసారి పోల్చి చూసే దశ ఉంది, అక్కడ మెమరీ ఎగబాకుతుంది. ఆ దశ అయ్యాక దిగాలి కదా? దిగడం లేదు. పైనే ఉంది. ‘ఇంకా కారుతోంది’ అన్నారు. కారడం లేదని నేను, కారుతోందని ఆయన. నిజానికి మేమిద్దరం వేరే వేరే ఖాళీ చేయింపుల గురించి మాట్లాడుకుంటున్నాం.

గేదె పోతే దాని స్థలం పైథాన్‌కు దక్కుతుంది. పైథాన్ ఆ స్థలాన్ని ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఇస్తుందా అన్నది వేరే వ్యవహారం. ఇక్కడ గేదెలను వదిలి రియల్ ఎస్టేట్‌లోకి రావాలి.

పైథాన్ చిన్న చిన్న వస్తువులను కుప్పలుగా పుట్టిస్తుంది. ప్రతిదానికీ ఆపరేటింగ్ సిస్టమ్ గడప తొక్కితే పని సాగదు. అందుకని ఒకేసారి పెద్ద స్థలం తీసుకుని వెంచర్ వేస్తుంది. ఆ వెంచర్‌ను ఎరీనా అంటారు. పూర్వం 256 కిలోబైట్లు, 3.10 నుంచి ఒక మెగాబైటు. వెంచర్‌లో వీధులు ఉంటాయి, ఇప్పుడు ఒక్కో వీధి 16 కిలోబైట్లు. ఒక వీధిలో ప్లాట్లన్నీ ఒకే కొలత. 16 బైట్ల వీధి, 32 బైట్ల వీధి, 48 బైట్ల వీధి, అలా 512 దాకా. అంతకంటే పెద్ద వస్తువులు వెంచర్‌లోకి రావు, వాటికి నేరుగా సీ లైబ్రరీలో మెమరీ కేటాయించే ఫంక్షన్, మాలక్, స్థలం చూపిస్తుంది.

ఒక కోటి సంఖ్యల జాబితా తీసుకోండి. 64 బిట్ల యంత్రంలో ఒక మామూలు సంఖ్య వస్తువు 28 బైట్లు, ప్లాటు 32 బైట్లు. జాబితాలో దాని చిరునామాకు ఇంకో 8. మొత్తం సంఖ్యకు 40 బైట్లు, కోటికి 40 కోట్ల బైట్లు. సీలో ఇదే పని 8 కోట్ల బైట్లలో అవుతుంది, నాలుగు బైట్ల సంఖ్యలు చాలనుకుంటే 4 కోట్లే. ఇప్పుడు జాబితాను వదిలేశారు. చిరునామాల పట్టిక ఒకే పెద్ద ముక్క, 8 కోట్ల బైట్లు, అది లైనక్స్‌లో వెంటనే ఆపరేటింగ్ సిస్టమ్‌కు తిరిగి వెళ్లిపోతుంది. సంఖ్యలు మాత్రం వెంచర్లలో ఉన్నాయి. ఒక వెంచర్‌లో సుమారు 32 వేల ప్లాట్లు. అంటే 300 పైచిలుకు వెంచర్లు. అన్ని సంఖ్యలూ పోతే అన్ని వెంచర్లూ వాపసు. కానీ మీరు ప్రతి 30 వేల సంఖ్యలకు ఒకదాన్ని నమూనాగా వేరే జాబితాలో దాచుకున్నారనుకోండి. మొత్తం 333 సంఖ్యలు. పది వేల పైచిలుకు బైట్లు. ప్రతి వెంచర్‌లోనూ కనీసం ఒక ఇంట్లో మనిషి ఉన్నాడు. ఒక్క ఇల్లు ఖాళీ కాకపోయినా వెంచర్‌ను వాపసు ఇవ్వడం కుదరదు. 32 కోట్ల బైట్ల భూమి 333 మంది కోసం నిలిచిపోయింది.

వాళ్లను పక్క వెంచర్‌కు మార్చి సర్దవచ్చు కదా అంటారు. జావా లాంటి భాషల్లో అలా మారుస్తారు. పైథాన్‌లో కుదరదు. సీలో రాసిన లైబ్రరీలు వస్తువు చిరునామాను నేరుగా చేతిలో పట్టుకుని ఉంటాయి. ఇల్లు మారితే ఉత్తరాలన్నీ పాత ఇంటికే పోతాయి. చివరిదాకా సొంత ఇంట్లోనే ఉంటాననే పెద్దాయన లాంటిది పైథాన్ వస్తువు.

2006లో వచ్చిన 2.5కు ముందు అయితే ఖాళీ అయిన వెంచర్లను కూడా వాపసు ఇచ్చేవారు కాదు. ఇప్పుడు ఇస్తారు, పైగా ఒక తెలివైన పద్ధతి ఉంది: కొత్త వస్తువు వచ్చినప్పుడు బాగా నిండిన వెంచర్‌లోనే ముందు చోటు వెతుకుతారు. సగం ఖాళీగా ఉన్నవాటిలో కొత్తవాళ్లను దించరు, అవి పూర్తిగా ఖాళీ అయ్యే అవకాశం ఉంటుందని.

నిలిచిపోయిన భూమి వృథా కాదు, అదీ చెప్పాలి. ఖాళీ ప్లాట్లలో పైథాన్ తర్వాతి వస్తువులను దించుతుంది. వీధి మొత్తం ఖాళీ అయితే వేరే కొలత ప్లాట్లుగా కూడా మార్చుకుంటుంది. మా అధికారి చూసిన అంకె ఎగబాకి నిలిచింది తప్ప రోజురోజుకూ పెరగలేదు. కారడం అంటే పెరుగుతూ పోవడం. నాది నిండిన చెరువు లాంటిది. కానీ అదే యంత్రం మీద ఇంకో నాలుగు ప్రోగ్రాంలు దాహంతో ఉన్నప్పుడు ఆయన బాధలోనూ అర్థం ఉంది. అందుకని ఆ ఎగబాకే దశను వేరే పిల్ల ప్రాసెస్‌లోకి తోశాను. ఫలితం చిన్నది, అది తల్లికి అందించి పిల్ల ముగుస్తుంది. ప్రాసెస్ ముగిస్తే వెంచర్లు, వీధులు, అందులోని పెద్దాయనలు అన్నీ ఒకేసారి ఆపరేటింగ్ సిస్టమ్‌కు వెళ్లిపోతాయి. ఏ ఖాళీ చేయింపు ఉత్తరువూ అక్కరలేదు. పిల్ల ప్రాసెస్‌ల గుంపుకు పనులు పంచే మల్టీప్రాసెసింగ్ పూల్‌లో ఒక్కో పిల్ల ఇన్ని పనులు చేశాక ముగిసిపోవాలని చెప్పే వీలు అందుకే ఉంది. మొరటు పరిష్కారమే. నేను దానికి ఏ మాత్రం సిగ్గుపడను.

ప్రశ్నలుంటే అడగండి. ఆ, నువ్వు అడగమ్మా.

(ఒక విద్యార్థిని: ప్రోగ్రాం ముగిసేటప్పుడు మెమరీ అంతా దానంతట అదే పోతుందంటున్నారు కదా సార్, మరి ఫైళ్లు కూడా అంతేనా? మూయకపోయినా ఫర్వాలేదా?)

మంచి ప్రశ్న. మెమరీ గురించి చెప్పింది ఫైళ్లకు వర్తించదమ్మా. సీపైథాన్‌లో ఫైలు వస్తువుకు చివరి పలుపు ఊడగానే ఫైలు కూడా మూసుకుంటుంది, అది ఇచ్చిన అలవాటు వల్ల చాలామంది మూయడం మర్చిపోయి కూడా నెట్టుకొస్తారు. అది భాష ఇచ్చిన హామీ కాదు, ఈ ఒక్క తయారీ పద్ధతి వల్ల జరిగేది. పైపై అని ఇంకో పైథాన్ ఉంది. పేరు చూసి పైపైన అనుకోకండి, లోతైన పనే. (నవ్వులు) అందులో ఒంటిమీద అంకె లేదు, మెకార్తీ దారిలో ఊడ్చేవాడే ఉన్నాడు. ఫైలుకు రాసి మూయకుండా వదిలేశారనుకో, ఊడ్చేవాడు వచ్చేదాకా రాసింది డిస్కుకు చేరకపోవచ్చు. ఈలోపు నీ ప్రోగ్రాంలోనే ఇంకో భాగం అదే ఫైలును తెరిచి చదివితే ఖాళీగా కనిపిస్తుంది. నీ దగ్గర సీపైథాన్‌లో ఏళ్ల తరబడి నడిచిన కోడే అది, ఒక్క అక్షరం మారలేదు. అందుకని ఫైలు, డేటాబేస్ కనెక్షన్, తాళం, వీటికి ‘విత్’ వాడు. ఆ భాగం దాటగానే, లోపం వచ్చి మధ్యలో దారి మళ్లినా సరే, మూసే పని తప్పకుండా జరుగుతుంది. నా డెల్‌లు ఎక్కడ ఓడిపోయాయో అక్కడ అది పనిచేస్తుంది.